దీర్ఘం తీసి ఐత్వం

ఆ సోమవారం ఉదయం మాస్టారి ప్రణాళికలో పెద్ద ఆశలేమీ లేవు. ఎనిమిదిన్నరకు లైబ్రరీ వెనక తలుపు గుండా లోపలికి వెళ్ళాలి, మిషన్ తుడవాలి, తొమ్మిదికి వీధివైపు తలుపు గడియ తీయాలి, కర్టెన్ చాటున స్టూలు వేసుకుని కూర్చోవాలి. సాయంత్రంలోగా ఒక్కరు, ఒకే ఒక్కరు, పన్నెండు నిమిషాలూ లేవకుండా వినాలి. అంతే.

మాస్టారనడం మర్యాద కోసమే గాని, ఆయన దగ్గర నేర్చుకునేవాళ్ళెవరూ లేరు. ఆయన స్వరకర్త. నవ్య శాస్త్రీయ సంగీతం రాస్తారు. అంటే స్నానం చేస్తూ కూనిరాగం తీసుకోవడానికి ఏమాత్రం పనికిరాని సంగీతం. అందులో కమానుతో తీగల మీద గీకుతారు, తడతారు, ఒక్కోసారి తీగల్ని వదిలేసి చెక్కని గీకుతారు. పక్కవాటావాళ్ళు ఆయనకు గీకుడు మాస్టారని పేరు పెట్టి పదిహేనేళ్ళయింది. పెళ్ళి చేసుకోలేదు. సొంత మనిషంటూ ఒక అక్క ఉంది, అదీ ఫోన్లో. ఆవిడ తమ్ముడి సంగీతం ఒకసారి సరిగ్గా రెండు నిమిషాలు విని, "ఒరేయ్, పొయ్యి మీద పాలు పెట్టొచ్చాన్రా" అని పెట్టేసింది. అక్క పాలు తాగదన్న సంగతి ఆయనకు మర్నాడు గుర్తొచ్చింది.

వినేవాళ్ళకు భయం పోవాలంటే ముందు వాళ్ళ చేతులకు ఏదో ఒక పని చెప్పాలని ఆయనకు తట్టింది. మూడేళ్ళు ఒక్కరే కూర్చుని ఒక మిషన్ తయారుచేశారు. పెద్ద టచ్ స్క్రీన్, హెడ్‌ఫోన్లు, మంద్రస్వరాలు వచ్చినప్పుడల్లా వీపు దగ్గర సన్నగా వణికే కుర్చీ. తెర మీద చెల్లో బొమ్మ. చెల్లో అంటే ఇంచుమించు మనిషంత ఎత్తుండే తీగల వాద్యం. వాద్యమని తెలిస్తే జనం జడుసుకుంటారని బొమ్మని వట్టి గీతల్లో వేశారు. పైన మెడ, మధ్యలో నడుము, కింద పొట్ట, వెనక వీపు. వాద్యం భాగాలకు ఆ పేర్లే ఉన్నాయి మరి, ఆయన కల్పించినవి కావు. ఎక్కడ తాకితే అక్కడ పుట్టే నాదం విడిగా వినిపిస్తుంది. నాలుగు నిమిషాలకోసారి మిషన్ ఆగి, మాస్టారి గొంతుతోనే, "ఇప్పుడు మీకెలా ఉంది?" అని అడుగుతుంది. బరువుగా, గుచ్చుకుంటున్నట్టుగా, తిమ్మిరిగా, తేలికగా, ఏమీ లేదు. వీటిలో ఒకటి నొక్కాలి.

రోజూ పొద్దున్నే మిషన్ సరిగ్గా నడుస్తోందో లేదో చూడ్డానికి ఆయనే కూర్చుని వినేవారు. మిషన్ అడిగేది, మీకెలా ఉందని. ఆ మాట ఆయన్ని అడిగేది మొత్తం ఊళ్ళో అదొక్కటే. అదీ ఆయన గొంతే. అయినా సరే, నొక్కేముందు ఆయన నిజంగానే కాసేపు ఆలోచించుకునేవారు.

మిషన్ పెట్టుకోడానికి లైబ్రరీలో గది ఇచ్చేటప్పుడే లైబ్రేరియన్ ఖరాఖండిగా చెప్పింది. "నెలాఖరుకి ముప్పైమంది మొదట్నుంచీ చివరిదాకా వినాలండీ. మీ మిషనే లెక్కపెడుతుందిగా. లేదంటే కమిటీవాళ్ళు గదిని జిరాక్స్ మిషన్‌కిచ్చేస్తారు. నన్నేం అనకండి."

ఇరవై రోజుల్లో వచ్చినవాళ్ళు నలుగురు. ఒకాయన ఫోన్ చార్జింగ్ పెట్టుకోడానికి, ఒకావిడ వాన తగ్గేదాకా, మిగిలిన ఇద్దరు ఒకరికోసం ఒకరు. మిషన్ లెక్కలో మాత్రం సున్నా. "బయట బోర్డన్నా లేకపోతే ఎవరొస్తారు మాస్టారూ, కలగంటారా?" అని లైబ్రేరియన్ విసుక్కుంటే, ఆయన శనివారంనాడు ఫ్లెక్సు దుకాణానికి ఫోన్ చేశారు.

"రాసుకోండి. నవ్య వాద్య కేంద్రం. వాకి దీర్ఘం. కింద, పరిచయం ఉచితం, లోపలికొచ్చి కూర్చోండి అని."

"కేంద్రమేనా సార్?"

"కేంద్రమే."

"అర్థమైపోయింది సార్. ఇంక మీరు వదిలెయ్యండి, నేను చూసుకుంటా."

ఫ్లెక్సు దుకాణదారు మంచివాడు. వచ్చినవాళ్ళ తప్పులు అడక్కుండానే దిద్దిపెట్టడం ఒక్కటే అతనికున్న దురలవాటు. వాద్య కేంద్రమనేది అతను పుట్టి బుద్ధెరిగి వినలేదు. పెద్దాయన ఏదో తడబడ్డాడు పాపం అనుకుని, దీర్ఘం తీసి ఐత్వం పెట్టాడు. పక్కన చోటు ఖాళీగా ఉంటే ఎర్రరంగులో ప్లస్ గుర్తు కూడా వేశాడు. సోమవారం ఎనిమిదింటికల్లా 'నవ్య వైద్య కేంద్రం' వీధివైపు గోడెక్కింది. మాస్టారు వచ్చేది వెనక తలుపునుంచి, వెళ్ళేదీ వెనక తలుపునుంచే.

తొమ్మిదీ అయిదుకు ఒక రిటైరైన బస్సు కండక్టరు లోపలికి వచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ళు టిక్కెట్లు కొట్టడానికి ఒకే వైపు వంగి వంగి అతని మెడ అక్కడే ఆగిపోయింది. ఎటు చూడాలన్నా మనిషి మనిషంతా తిరగాలి.

"డాక్టరుగారున్నారాండీ?" అన్నాడు.

మాస్టారికి సంగీతంలో డాక్టరేటు ఉంది. ముప్పై ఏళ్ళలో ఆ సంగతి ఎవరూ గుర్తుపెట్టుకోలేదు, ఆయన అక్కతో సహా. ఆయన కర్టెన్ తప్పించుకుని దాదాపు పరుగున వచ్చారు.

"నేనేనండీ. రండి, కూర్చోండి."

"ఇది నొప్పిగా ఉంటుందా?"

ఇంత నిజాయితీగా అడిగే శ్రోత దొరికాక అబద్ధం చెప్పకూడదనిపించింది మాస్టారికి. "మొదటి నాలుగు నిమిషాలు కొంచెం కష్టంగా ఉంటుందండీ. ఓర్చుకుంటే తరవాత అలవాటైపోతుంది. చాలామంది మధ్యలోనే లేచి వెళ్ళిపోతారు."

"మధ్యలో లేస్తే ఎలాగండీ? మొదలెట్టాక పూర్తి చెయ్యాలిగా," అన్నాడు కండక్టరు కాస్త కోపంగా, ఆ వెళ్ళిపోయినవాళ్ళ మీద.

ఆ మాటకు మాస్టారు వంగి కుర్చీని అతనివైపు సర్దారు. హెడ్‌ఫోన్లు రెండు చేతులతో అతని చెవులకు పెట్టారు. కండక్టరు తెర మీది బొమ్మని పైనుంచి కిందికి చూసి, "మెడకి కూడా ఉందే!" అని సంతోషించి, మెడ మీద వేలు ఆనించాడు. పన్నెండు నిమిషాలు దవడ బిగించి, కళ్ళు మూసుకుని, కుర్చీ చేతులు రెండూ పట్టుకుని విన్నాడు. మొదటిసారి మిషన్ అడిగితే గుచ్చుకుంటున్నట్టుగా నొక్కాడు. రెండోసారి తిమ్మిరిగా నొక్కాడు. చివరిసారి కాసేపు ఊరుకుని తేలికగా నొక్కాడు. కర్టెన్ వెనక మాస్టారు చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నారు. లెక్క ఒకటైంది.

"మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు?" అన్నాడు కండక్టరు.

"రేపే రండి. ఎన్నిసార్లు వింటే అంత లోతుకు వెళ్తుంది."

ఆ సాయంత్రం మాస్టారు ఇంటికి నడిచి వెళ్ళారు, బస్సెక్కాలన్న సంగతే మరిచిపోయి. ఇంట్లో ఒక కంచం, ఒక గ్లాసు, ఒక కుర్చీ. ఆ కుర్చీలో కూర్చుని జరిగిందంతా మొదట్నుంచీ గట్టిగా చెప్పుకున్నారు. వినడానికి మనిషి ఉంటే ఇంకా బాగుండేది. అక్కకు ఫోన్ చేద్దామని తీసి, పాల సంగతి గుర్తొచ్చి పెట్టేశారు.

మంగళవారం ఏడుగురు వచ్చారు. బుధవారానికి క్యూ గుమ్మం దాటింది. వచ్చినవాళ్ళంతా గంభీరంగా, ఓపిగ్గా, ఇంతవరకూ ఏ సంగీతసభలోనూ ఆయన చూడనంత భక్తిగా ఉన్నారు. ఒకరూ దగ్గలేదు, ఒకరూ ఫోన్ తియ్యలేదు, ఒక్కరూ మధ్యలో లేవలేదు. లేవబోయిన ఒకాయన్ని పక్కనున్నవాళ్ళు భుజం పట్టి కూర్చోబెట్టారు, "చేదుగా ఉంటేనే పనిచేస్తుందండీ" అని.

బట్టలు కుట్టే ఒకావిడ నడుము పట్టుకుని వచ్చి మాస్టారిని పక్కకు పిలిచింది. ఇరవై ఏళ్ళుగా కుట్టుమిషన్ మీద వంగి కూర్చుంటే వచ్చిన నడుం అది. "పరగడుపున చేయించుకోవాలా బాబుగారూ, తిన్నాకా?"

మాస్టారు ఆ ప్రశ్న లోతుకి ఆశ్చర్యపోయారు. "పరగడుపునైతే చెవులు పదునుగా ఉంటాయమ్మా."

"పథ్యమేమన్నా ఉందా?"

"కొన్నాళ్ళు మామూలు పాటలు తగ్గించండి. మళ్ళీ మొదటికొస్తుంది."

ఆవిడ ఇంటికెళ్ళి రేడియో తీసి అటక మీద పెట్టేసింది.

క్యూలో ఎవరో, "బొమ్మకి తల లేదేంటండీ?" అని అడిగితే, నాలుగు రోజుల అనుభవంతో పెద్దరికం వచ్చేసిన కండక్టరు, "తలనొప్పివాళ్ళకి వేరే మిషనుంటుంది. ఇంకా రాలేదు" అని సర్దిచెప్పాడు. మాస్టారు ఈ మాట విన్నారు. విని, నవ్య సంగీతం మీద జనానికి ఎంత చక్కటి హాస్యం పుట్టుకొచ్చిందో అనుకుని మురిసిపోయారు. పాపం, మురవనివ్వండి. గురువారం మధ్యాహ్నానికి లెక్క ముప్పై దాటింది. లైబ్రేరియన్ వచ్చి ఆ అంకె తన కళ్ళతో చూసి, "ఏం మందు పెట్టారండీ వీళ్ళకి?" అంది. ఆవిడా వెనక తలుపు మనిషే.

శుక్రవారం ఒక పెద్దమనిషి మాస్టారి చేతిలో ఎక్స్‌రే ఫిల్మ్ పెట్టాడు.

"ఏంటండీ ఇది?"

"నా వెన్నెముకండీ. మీరు చూస్తే ధైర్యంగా ఉంటుందని తెచ్చా."

మాస్టారు దాన్ని వెలుతురుకెత్తి పట్టుకుని చాలాసేపు చూశారు. ఈయన ఎముకలు నేనెందుకు చూస్తున్నాను అన్న ప్రశ్న మెల్లగా పుట్టింది. ఎక్స్‌రే పట్టుకునే గుమ్మం దాటి, ఆ నెలలో మొదటిసారి వీధివైపు నుంచి తన గదిని చూసుకున్నారు. బోర్డు చూశారు. ప్లస్ గుర్తు చూశారు. అక్కడే గోడకానుకుని ఫోన్ చేశారు.

"ఏమయ్యా, వాద్యమని చెప్తే వైద్యమని వేశావేంటి?"

"దిద్దాను సార్," అన్నాడు ఫ్లెక్సు దుకాణదారు వినయంగా. "ఫర్లేదు సార్, పెద్దవాళ్ళు, అలా పొరబడుతూనే ఉంటారు. జనం బాగా వస్తున్నారంట కదా!"

బోర్డు తక్షణం దింపించాలి. ఆ మాట ఆయన నోటిదాకా వచ్చింది. ఈలోపు క్యూ వైపు చూశారు. మెట్ల మీద, గోడవారన, కిటికీ కింద కూర్చుని ఉన్నారు మనుషులు. తమ వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నారు. జీవితంలో మొదటిసారి ఆయన గది బయట జనం ఆయన కోసం ఎదురుచూస్తున్నారు. కాదు, ఆయన కోసం కాదు, వాళ్ళ నడుముల కోసం. ఆ తేడా ఆయనకు తెలుసు, బాగా తెలుసు. తెలిసి ఏడుపొచ్చినంత పనైంది. అయినా, "రేపు దింపించొచ్చులే" అనుకుని లోపలికి వెళ్ళిపోయారు. శనివారం కూడా అదే అనుకున్నారు. ఆదివారం సెలవు. ఆ రోజంతా ఇంట్లో ఆ ఒక్క కుర్చీలో కూర్చుని, సోమవారం మాత్రం తప్పదనుకున్నారు.

సోమవారం పదింటికి ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టరు వచ్చింది. యాభై ఏళ్ళావిడ, చేతిలో ఫైలు, వెంట సీలు వేసే సామాను పట్టుకున్న బంట్రోతు. ఫైల్లో ఒక ఉత్తరం ఉంది. ఎవరి మీదా ఫిర్యాదు కాదది. కండక్టరు కృతజ్ఞత పట్టలేక, అందమైన దస్తూరీతో రాసుకున్న అర్జీ. ఆవిడ దాన్ని పైకి చదివింది.

"'మా వీధిలోని నవ్య వైద్య కేంద్రం సేవలు మరువలేనివి. తలనొప్పి రోగుల నిమిత్తం తల కలిగిన మిషన్ ఒకటి తక్షణం మంజూరు చేయగలరని ప్రార్థన.' ఏంటండీ ఇదంతా? లైసెన్సేదీ?"

"ఇది వైద్యం కాదండీ. సంగీతం."

ఆవిడ హెడ్‌ఫోన్లు ఒక చెవికి ఆనించుకుని ఇరవై సెకన్లు విని దింపేసింది. "ఇది సంగీతమా?"

"నలభై ఏళ్ళుగా అందరూ అదే అడుగుతున్నారండీ," అన్నారు మాస్టారు.

ఆవిడ చెడ్డమనిషి కాదు. రూల్సు తెలిసిన మనిషి, అంతే. కుర్చీ లాక్కుని కూర్చుని తాపీగా విడమరిచి చెప్పింది. "చూడండి. దీనివల్ల మనిషికి ఏదైనా గుణం కనిపిస్తే అది చికిత్స. లైసెన్సు లేని చికిత్స కాబట్టి గది సీలు చేస్తాను. ఏమీ కాకపోతే అది వట్టి కాలక్షేపం. బోర్డు మార్చుకుని మీ మానాన మీరు నడుపుకోవచ్చు. కాబట్టి, దీనివల్ల ఎవరికీ ఏ ప్రభావమూ ఉండదని మీ చేత్తో రాసి సంతకం పెట్టండి. ఆ తరవాత వీళ్ళందర్నీ కూడా అడుగుతాను."

లైబ్రేరియన్ వెనకనుంచి గుసగుసగా, "పెట్టెయ్యండి మాస్టారూ, గది దక్కుతుంది" అంది.

మాస్టారు కలం తీసుకున్నారు. 'నా సంగీతం వల్ల' అని రాశారు. అక్కడితో చెయ్యి ఆగిపోయింది. సభల్లో లేచి వెళ్ళిపోయినవాళ్ళు, పక్కవాటావాళ్ళు, అక్క, అందరూ ఇన్నేళ్ళూ ఆ వాక్యాన్నే ఆయనకు రకరకాలుగా చెప్పారు. ఒకరు చెబితే పడటం వేరు. తన చేత్తో తనే రాసుకోవాలంటే చెయ్యి రాలేదు. కలం జారి కింద పడింది. ఆయన క్యూ వైపు తిరిగారు.

"అమ్మా, బాబూ, అందరూ నన్ను క్షమించాలి. బోర్డులో అక్షరం తప్పు పడింది. ఇది వైద్యం కాదు, వాద్యం. నేను డాక్టర్నే గాని ఆ డాక్టర్ని కాదు. శుక్రవారమే తెలిసింది. మీరందరూ వెళ్ళిపోతారని భయమేసి చెప్పలేదు. నాది తప్పు."

గదిలో ఇరవై రెండు మంది ఉన్నారు. ఎక్స్‌రే పెద్దమనిషి తన కవరు మెల్లగా సంచిలో పెట్టేసుకున్నాడు. ఇక ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోతారని మాస్టారు తలొంచుకుని నిలబడ్డారు.

"ముందు మీరు చెప్పండి," అంది ఇన్‌స్పెక్టరు కండక్టరుతో. "ఉత్తరం రాసింది మీరేగా? గుణం కనిపించిందా? నిజం చెప్పండి. ఒక్కరు కనిపించిందన్నా చాలు, సీలు పడుతుంది."

కండక్టరు మాస్టారి వైపు చూశాడు. తరవాత బంట్రోతు చేతిలోని లక్కముద్ర వైపు చూశాడు. మళ్ళీ మాస్టారి వైపు. ఇన్నిసార్లూ ఎంచక్కా మెడ ఒక్కటే తిప్పి చూశాడు. ఉన్నట్టుండి ఆ సంగతి అతనికే తట్టి, మెడ బిర్రబిగించి, మనిషి మనిషంతా ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు.

"ఏం గుణమండీ, నా మొహం! ఎక్కడిదక్కడే ఉంది. చూస్తున్నారుగా."

"మరి ఈ ఉత్తరం?"

"నా దస్తూరీ బాగుంటుందని రాశానండీ."

మాస్టారి చేతినుంచి పడిన కలాన్ని కుట్టుపనావిడ అప్పటికే చటుక్కున వంగి తీసేసింది. ఇన్‌స్పెక్టరు కళ్ళు తన మీద పడటంతో సగం లేచినది సగంలోనే ఆగి, "అబ్బా, అమ్మా, నడుమో!" అంది. "ఏమీ లేదండీ. వారంనించీ వింటున్నా. ఇంతైనా ఏమీ లేదు."

అక్కడినుంచి వరస అందుకుంది. మోకాళ్ళవాళ్ళు కుంటుకుంటూ వచ్చి ఏమీ లేదన్నారు. శనివారంనాడే నిద్ర పడుతోందని సంబరపడ్డ ఒకావిడ, ఆవలింత మింగేసి, కన్ను మూతపడట్లేదంది. ఎక్స్‌రే పెద్దమనిషికి ఉత్సాహం ఎక్కువై, "పైగా నాకింకొంచెం పెరిగిందండీ" అనేసరికి కండక్టరు మోచేత్తో పొడిచాడు. "పెరిగిందనకండి మహాప్రభో, అదీ ప్రభావమే!" పెద్దమనిషి నాలిక్కరుచుకుని, పెరిగినంతా తగ్గిపోయిందన్నాడు. తగ్గడం కూడా కూడదని మళ్ళీ పొడిచారు.

మాస్టారికి మొదట ప్రాణం చివుక్కుమంది. ఇరవై రెండు మంది వరసగా నిలబడి మొహం మీదే ఏమీ లేదు, ఏమీ లేదు అంటుంటే ఎవరికైనా చివుక్కుమంటుంది. ఆరోవాడో ఏడోవాడో వచ్చి చెబుతుండగా అర్థమైంది. వీళ్ళు అబద్ధమాడుతున్నారు. నొప్పులు పోయినవాళ్ళు పోలేదని, పట్టుబట్టి, చెమటలు కక్కుతూ అబద్ధమాడుతున్నారు. ఆయన కోసం. ఆయన గురించి నిజం చెప్పినవాళ్ళు చాలామందే ఉన్నారు గాని, ఆయన కోసం అబద్ధమాడినవాళ్ళు ఇంతవరకూ ఒక్కరూ లేరు. కుట్టుపనావిడ చేతిలోంచి కలం తీసుకుని, ఆగిన వాక్యాన్ని పూర్తిచేసి, కిందనే పొడి అక్షరాలతో సంతకం పెట్టేశారు.

ఇన్‌స్పెక్టరు అందర్నీ ఒకసారి కలయజూసింది. ఆవిడకు అర్థం కాలేదనుకుంటే పొరపాటు. ఫైలు మూసి, "ఇంతమంది ఇంత గట్టిగా ఏమీ లేదనడం నా సర్వీసులో చూళ్ళేదు" అని, బంట్రోతుని తీసుకుని వెళ్ళిపోయింది.

బోర్డు దింపేశాక మాస్టారు వాళ్ళతో, "ఇది వైద్యం కాదని తెలిసిపోయిందిగా. రేపట్నుంచి మీరెవరూ రానక్కర్లేదండీ" అన్నారు.

"రావద్దంటారా?" అంది కుట్టుపనావిడ. "పొద్దున్నించీ సాయంత్రందాకా ఇంట్లో మిషన్ చప్పుడు తప్ప నాకింకేం వినపడదు బాబుగారూ. ఇక్కడైతే ఎలా ఉందని మూడుసార్లు అడుగుతారు. నన్ను అంతగా అడిగేవాళ్ళెవరున్నారు?"

"ఆ గొంతు నాదేనమ్మా."

"తెలుసులెండి. రెండోసారి అడిగేముందు చిన్నగా దగ్గుతారుగా. మిషన్లు దగ్గుతాయా?" అన్నాడు కండక్టరు. "ఆ దగ్గుకి ఏమన్నా వాడకూడదూ!"

మాస్టారు నవ్వబోయారు. అది సగంలో ఇంకేదో అయిపోయింది. మొహం తుడుచుకోడానికి కర్టెన్ వెనక్కి వెళ్ళి కాసేపు అక్కడే ఉండిపోయారు.

మర్నాడు అందరూ వచ్చారని చెబితే బాగుంటుంది గాని, రాలేదు. ఇరవై రెండు మందిలో తొమ్మిది మంది వచ్చారు. తొమ్మిది మందీ చివరిదాకా విన్నారు. పదకొండింటికి ఆరోగ్యశాఖనుంచి అచ్చువేసిన నోటీసు ఒకటి వచ్చింది, గుమ్మానికి విధిగా అంటించాలని. "ఈ గదియందు వినిపించు సంగీతమువలన ఎవరికిని ఎట్టి ప్రభావమును కలుగదని విచారణపై తేలినది." మాస్టారు దాన్ని ఎక్కడా ముడత పడకుండా జాగ్రత్తగా అంటించి, ఒక అడుగు వెనక్కి వేసి, రెండుసార్లు చదువుకున్నారు. నలభై ఏళ్ళలో ఆయన సంగీతం మీద అచ్చయిన సమీక్ష అదొక్కటే.